బాల్కనీలో అల్లుడు

నర్సరీ,
9 ఫిబ్రవరి 1986

వదినగారూ,

మీకొక పని అప్పగించబోతున్నాను కాబట్టి కుశల ప్రశ్నలు తొందరగా ముగిస్తాను. అన్నయ్యగారి మోకాలు ఎలా ఉంది, కొట్టు ఎలా నడుస్తోంది, మన పిల్లలిద్దరూ ఆదివారాలు మీ ఇంటికి వస్తున్నారా. మూడింటికీ జవాబు రాయండి. ఇక పని.

ఎల్లుండి లారీలో మీ కళ్లద్దాల కొట్టుకు రెండు కుండీలు వస్తాయి. గోనె చుట్టి ఉంటుంది, మెల్లగా విప్పించండి. లోపల ఎండు పుల్లల్లా కనిపిస్తాయి గాని బతికే ఉన్నాయి. వాటిని మేము నలభై రెండు అంటాం, ఒక ఏడాది మొలిచిన నారులో నలభై రెండోది కాబట్టి. తొమ్మిదేళ్లుగా రెండు రకాల పొదలను కలిపి, కలిపినవాటిని మళ్లీ కలిపి, నచ్చనివాటిని పీకి పారేసి, చివరికి నేను మిగుల్చుకున్న మొక్క ఇది. చలికి ఆకులన్నీ రాలాక ఒట్టి కొమ్మల మీద గుత్తులు గుత్తులుగా కాయలు నిలుస్తాయి. తినడానికి కాదు, చూసుకోవడానికే.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఈ జాతిలో ఆడ మొక్క వేరు, పోతు మొక్క వేరు. పోతు మొక్క కాయదు, పుప్పొడి ఇస్తుంది, అంతే. ఏడాదిలో నాలుగు రోజుల పని, మిగతా కాలమంతా ఎరువు తిని నిలబడడం. అందుకే మా పనివాళ్లు దాన్ని ‘అల్లుడు’ అంటారు. మీ అబ్బాయిని ఉద్దేశించి కాదు సుమా, పెళ్లికి ముందునుంచీ ఉన్న పేరే. అల్లుడు దగ్గర్లో లేకపోతే ఆడ మొక్క పూసి ఊరుకుంటుంది. నలభై రెండు మాత్రం ఒంటరిగానే కాస్తుందని నా నమ్మకం. పూతకు గుడ్డ సంచులు కట్టి చూశాను, కాసింది. మా యజమాని నమ్మడు. పక్క వరస నిండా అల్లుళ్లుంటే సంచులేం ఆపుతాయంటాడు. అల్లుళ్లు లేని ఊళ్లో కాసి చూపిస్తే అమ్మకానికి పెడతానన్నాడు.

మీ ఊళ్లో ఈ జాతి పొద ఒక్కటీ లేదు. పిల్లల పెళ్లికి వచ్చినప్పుడు నేను వీధులు పట్టుకు తిరుగుతుంటే, పెళ్లికూతురి తల్లికి మతి చలించిందని మీవాళ్లు అనుకున్నారట. నేను కంచెలు చూస్తున్నాను.

మట్టి చేతులతో,
మీ వదిన


కళ్లద్దాల కొట్టు,
16 నవంబరు 1986

వదినగారికి,

ఇన్నాళ్లూ రాయలేదని కోపం పెట్టుకోకండి. చెప్పడానికేమీ లేకుండా రాసి తపాలావాడి చేత మోయించడం దేనికని ఊరుకున్నాను. ఇప్పుడుంది. మీ నలభై రెండు కాసింది.

ఒకదాన్ని కొట్టు మెట్ల పక్కన, ఒకదాన్ని వెనక సందులో పెట్టించాను. సందులోది నాలుగు కాయలు కాసి మొహమాటపడింది. మెట్ల పక్కది మాత్రం కొమ్మ కనబడకుండా కాసింది. రంగు ఏమని చెప్పను? తేనె సీసా ఎండలో పెట్టినట్టు ఉంది, ఎండ తగిలిన చెంప మాత్రం లేత గులాబీ. మీ అన్నయ్యగారు లోపల అద్దాలు సానబెట్టడం ఆపి, మోకాలు పట్టుకుని బయటికొచ్చి, భూతద్దం పెట్టి చూసి, “నిజమైనవే” అని మళ్లీ లోపలికి వెళ్లిపోయారు. ఆయన నోట ఇంతకంటే మెప్పు నా వంటకు కూడా రాలేదు. ఒకాయన మెట్ల మీద ఆగి అవి పసుపా గులాబీయా అని అడిగాడు. తేడా కాయల్లో ఉందో మీ కళ్లలో ఉందో లోపలికి వస్తే తేలుస్తానని కూర్చోబెట్టి, అద్దాలు అంటగట్టి పంపాను.

పిల్లలు వస్తూనే ఉన్నారు. మొన్న ఆదివారం మీ అమ్మాయి ఆ మొక్క ముందు చాలాసేపు నిలబడింది. మీ అమ్మకు రాయనా అంటే, రాయండి అత్తయ్యా, సంతోషిస్తుంది అంది. అబ్బాయి లోపల పేపరు చదువుకుంటున్నాడు. వాళ్లిద్దరూ గొంతు పెంచి మాట్లాడుకోగా నేనెన్నడూ వినలేదు. ఇంత సఖ్యంగా ఉండే జంటను నా సర్వీసులో చూడలేదు.

మోకాలు అలాగే ఉంది. కొట్టు బాగుంది. మూడు ప్రశ్నలూ అయ్యాయా?

మీ వదిన


నర్సరీ,
1 డిసెంబరు 1986

బంగారు వదినగారూ,

మీ ఉత్తరం యజమానికి చదివి వినిపించాను. రెండోసారి ఆయనే తీసుకుని చదువుకున్నాడు. తరవాత వేళ్లు పట్టించే షెడ్డు మొత్తం నాకు ఖాళీ చేయించి ఇచ్చాడు. కొమ్మలు కత్తిరించి ఇసుకలో గుచ్చడానికి ఆరుగురిని పెట్టాం. షెడ్డులో తడి ఇసుక వాసన తప్ప ఇంకేమీ లేదు, నాకది అత్తరులా ఉంది. గేటు దగ్గర పెట్టడానికి ఒక బోర్డు కూడా రాయిస్తున్నాడు: ‘ఒక్క మొక్క చాలు’. ఒక్క కుండీకి తప్ప చోటులేని ఇళ్లవాళ్లంతా కొంటారని ఆయన లెక్క.

నాకు మాత్రం ఇంకో ఏడాది చూడాలని ఉంది. మొక్కలు మనుషుల్లాగే కొత్త చోట మొదటి ఏడు మర్యాదగా ఉంటాయి. కాబట్టి వాటిని కదపకండి, కత్తిరించకండి, జాలిపడి ఎరువు వెయ్యకండి.

అమ్మాయి నాకు నెలకో ఉత్తరం రాస్తుంది, నలుగురిలో చదివినా ఇబ్బంది లేని ఉత్తరం. ల్యాబులో పని ఎక్కువైందట. రక్తం తీసేవాళ్లు తక్కువ, ఇచ్చేవాళ్లు ఎక్కువ అని రాసింది.

షెడ్డులోంచి,
మీ వదిన


కళ్లద్దాల కొట్టు,
14 మార్చి 1987

వదినగారికి,

మొక్కలు చిగురిస్తున్నాయి, కదపలేదు. ఆ విషయం అయిపోయింది.

ఇక రెండోది. అబ్బాయిని ఎంత అడిగినా సరిగ్గా చెప్పడు, మొహం పక్కకు తిప్పుకుంటాడు. మగవాళ్లకు ఇలాంటివి చెప్పాలంటే సిగ్గు. కాని అడక్కుండానే అర్థం చేసుకోవలసిన సంగతులు కొన్నుంటాయి, నేను ఆడదాన్ని, నాకు తెలియదా? మీరూ ఏమీ రాయలేదు. తొందరపడి బయటపెట్టకూడదని ఆగి ఉంటారు. పోనివ్వండి, నేనూ అడగను. ఒక్కటి మాత్రం చెబుతాను: అమ్మాయిని కుండీలు ఎత్తనివ్వకండి, మెట్లు అస్తమానం ఎక్కి దిగనివ్వకండి. మీరు చెబితే వింటుంది.

మీ అన్నయ్యగారికి ఇంకా చెప్పలేదు. చెబితే కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ అద్దాలతోపాటు అదీ అందిస్తారు.

ఆనందంతో,
మీ వదిన


నర్సరీ,
2 ఏప్రిల్ 1987

వదినగారూ,

మీ ఉత్తరం చదివి, ఇసుక తట్ట మీద కూర్చుండిపోయాను. కుండీలు ఎత్తకూడదు, మెట్లు ఎక్కకూడదు అంటే అర్థం కానంత మొద్దునా? మీరు చెప్పకనే చెప్పారు, నేను వినకనే విన్నాను.

అమ్మాయి నాకు ఒక్క ముక్క రాయలేదు. మొన్నటి ఉత్తరంలో కూడా ఎండల గురించే. తల్లికంటే ముందు అత్తగారికి తెలియడం మంచిదే, నాకు ఈర్ష్య లేదు. కొంచెం ఉంది. మీరు చెప్పమన్నారు గనుక బరువులు ఎత్తవద్దని ఆమెకు రాశాను. ఎందుకమ్మా అని తిరిగి రాసింది. నటన కూడా వచ్చిందన్నమాట.

ఈ ఎండల్లో ఎవరూ ప్రయాణాలు పెట్టుకోవద్దు. ఎక్కడున్న మనిషి అక్కడే ఉంటే మేలు. అమ్మాయికి ఏది కావాలన్నా కాదనకుండా చూడమని అల్లుడుగారికి నా మాటగా చెప్పండి.

ఇక్కడ గుచ్చిన కొమ్మలన్నీ వేళ్లు పట్టాయి. గేటు దగ్గర బోర్డు పెట్టేశారు. దాని కిందనుంచి రోజూ నడిచి వెళుతున్నాను, ఇంకా అలవాటు కాలేదు.

మీ వదిన


కళ్లద్దాల కొట్టు,
21 జూన్ 1987

వదినగారికి,

రావద్దన్నారు, రాలేదు. చూడ్డానికి వస్తే అరిగిపోతుందా అని మీ అన్నయ్యగారు అన్నారు, ఆయనకు ఇప్పుడు తెలుసు. నేను సర్దిచెప్పాను. మీ ఇల్లు, మీ ఇష్టం.

అయితే చేతులు ముడుచుకుని కూర్చోలేను గదా. అబ్బాయి చేత ఒక ఊలు శాలువా, మెత్తటి చెప్పులు కొనిపించి పార్సిలు పంపాను. ఎందుకమ్మా, ఇవన్నీ ఎందుకు అని వాడు కొట్టు మధ్యలో నిలబడి తల పట్టుకున్నాడు. తండ్రి కాబోయేవాడు ఇంత నీరసంగా ఉంటే ఎలాగని మందలించాను. వాడు నన్ను అదోలా చూసి బయటికి వెళ్లిపోయాడు. వాడి చూపు నాకు అర్థం కాలేదు. ముప్పై ఏళ్లుగా జనం కళ్లు చూస్తున్నదాన్ని, ఆ కళ్లలో ఏముందో చెప్పలేకపోయాను.

మీ మొక్క ఈసారి బ్రహ్మాండంగా పూసింది. కాని పూత రాలిన చోట ఏమీ లేదు. ముందుదానికీ లేదు, వెనకదానికీ లేదు. ఇంకా టైముందేమో మీకే తెలియాలి.

మీ వదిన


నర్సరీ,
4 జూలై 1987

వదినగారూ,

పార్సిలు అందింది. మీరు నా మీద చూపే ప్రేమకు ఏమనాలో తెలియడం లేదు. శాలువా నాకు చక్కగా ఉంది, పొద్దున్నే షెడ్డులోకి వెళ్లేటప్పుడు కప్పుకుంటున్నాను. చెప్పులు కొంచెం బిగుతు, సాగుతాయి.

కాని కాయలు లేవని మీరు చివర్లో ఎంత తేలిగ్గా రాశారు! టైము లేదు వదినగారూ. ఈపాటికి గోధుమగింజంత పిందెలు కనబడాలి. మీరు నీళ్లు పోశారా? ఎక్కువ పోశారా? పూత మీద ఎవరైనా పురుగుమందు కొట్టారా? అన్నయ్యగారు సానరాతి నీళ్లు తెచ్చి మొక్క మొదట్లో కుమ్మరించారా? కోప్పడకండి, నాకు నిద్ర లేదు. ఇక్కడ వేల మొక్కలు కుండీల్లో సిద్ధంగా ఉన్నాయి, వాటి మీద ఆ బోర్డు ఉంది.

ఇంకో సంగతి. మా నర్సరీలో నీళ్లు పోసే ముసలాయన నిన్న ఒక మాట అన్నాడు. అమ్మాయి పెళ్లయి వెళ్లేటప్పుడు గుర్తుగా ఒక కుండీ పట్టుకెళ్లింది, అది అల్లుళ్ల వరసలోదట. అదే నిజమైతే పోయినేడాది మీ మెట్ల పక్కన కాసింది ఒంటరిగా కాదు. పిల్లల ఇల్లు మీ కొట్టుకు రెండు వీధులే, తేనెటీగకు అదొక దూరమా? మరి ఆ కుండీ అక్కడే ఉంటే ఈ ఏడూ కాయాలి గదా, ఎందుకు కాయలేదు? నాకేమీ తోచడం లేదు. మీరు స్వయంగా వెళ్లి, పిల్లల బాల్కనీలో అల్లుడు ఉన్నాడో లేడో చూసి వెంటనే రాయండి. ఉంటే ఒక బాధ, లేకపోతే ఇంకో బాధ. అమ్మాయిని మాత్రం కదిలించకండి. ఈ స్థితిలో ఆమెకు ఇవన్నీ ఎందుకు?

మీ వదిన


కళ్లద్దాల కొట్టు,
13 జూలై 1987

అమ్మా,

మీ ఉత్తరం మీ అన్నయ్యగారి చేత కూడా చదివించాను, నేను తప్పు చదివానేమోనని. ఆయనా అలాగే చదివారు.

మొక్కకు మేమేదో చేశామన్నారు, భరించాను. ఆయన సానరాతి నీళ్లన్నారు, అదీ భరించాను. అల్లుడు బాల్కనీలో ఉన్నాడో లేడో వెళ్లి చూడమన్నారు. ఎందుకుండడు? ఎక్కడికి పోతాడు? ఆఫీసులో పటాలు గీసుకుని, సాయంత్రం వచ్చి, ఆ బాల్కనీలోనే ఒంటరిగా కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. ఇల్లు వదిలి వెళ్లింది మీ అమ్మాయి. ఫిబ్రవరిలో పుట్టింటికని వెళ్లింది. వెళ్లడం తప్పనలేదు. ఇన్ని నెలల్లో నాకొక్క ముక్క రాయలేదు, అదీ తప్పనలేదు. కాని మీ దగ్గరున్న మనిషిని నేనిక్కడ కదిలించవద్దంటే ఏమనుకోవాలి? వెటకారమా?

ఆ శాలువా మీకు కాదు. కడుపుతో ఉన్న పిల్లకు పంపాను. చెప్పులు కూడా ఆ పిల్లవే.

ఇంతే సంగతులు.


నర్సరీ,
18 జూలై 1987

వదినగారూ,

అమ్మాయి ఇక్కడ లేదు. ఇక్కడికి రాలేదు. మీ ఊళ్లోనే ఉందనుకున్నాను. కడుపుతో ఉందని మీరు రాస్తేనే నాకు తెలిసింది.

అల్లుడంటే పోతు మొక్క. మొదటి ఉత్తరంలో రాశాను, మీరు మరిచిపోయారు. తప్పు నాదీ, ఆ పేరు పెట్టినవాళ్లదీ.

ఆమె ఉత్తరాల కవర్లు ఇప్పుడు తీసి చూశాను. మార్చినుంచి వచ్చినవాటి మీద ముద్ర మీ ఊరిది కాదు. ఇన్నాళ్లూ ముద్ర చూడాలని నాకు తట్టలేదు. రేపు పొద్దున బస్సుకు ఆ ఊరు వెళుతున్నాను. ఆ ఊళ్లో ల్యాబులు ఎన్నున్నా అన్నీ తిరుగుతాను. మీ అబ్బాయిని అడిగి ఏం తెలిసినా రాసి ఉంచండి.

మీ వదిన


కళ్లద్దాల కొట్టు,
3 ఆగస్టు 1987

వదినగారికి,

మీ ఉత్తరం పట్టుకుని నేనే అబ్బాయి ఇంటికి వెళ్లాను. వాడు నిజంగా బాల్కనీలోనే ఉన్నాడు. మూలన గుండ్రంగా ఒక మట్టి మరక, కుండీ ఉన్న చోటు. మీ అల్లుడు లేడు వదినగారూ. మొక్క సంగతి చెబుతున్నాను.

ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని విడిగా ఉందామనుకున్నారట. ఆమె వేరే ఊరి ల్యాబుకు బదిలీ అడిగి వెళ్లిపోయిందట. మీరు ఆమెకు రాసే ఉత్తరాలు వాడి ఇంటికే వస్తాయి గదా, వాటిని విప్పకుండా ఇంకో కవరులో పెట్టి మళ్లీ ఆమెకు పోస్టు చేస్తున్నాడట. మీ ఉత్తరాలకు జవాబులు ఆగిపోతే మీరు కంగారుపడతారని. ఇంత మంచితనం ఏ గంగలో కలపను? పుట్టింటికి వెళ్లిందని నాకెందుకు అబద్ధం చెప్పావురా అన్నాను.

“నువ్వు తరవాత ప్రశ్న అడక్కుండా ఉండే చోటు అదొక్కటే అమ్మా” అన్నాడు.

తిట్టావా అన్నాను. లేదు. చెయ్యి చేసుకున్నావా? లేదు. ఇంకెవరైనా ఉన్నారా? లేరు. ఆమెకున్నారా? లేరు. పిల్లలు లేరనా? అది కాదు. మరి ఏమిట్రా? తెలియదమ్మా అన్నాడు. తప్పు ఫలానావాళ్లదని చెబితే కోప్పడి ఏడ్చి ఊరుకుంటాం. ఏ తప్పూ లేదంటే కోపం ఎక్కడ పెట్టుకోవాలి?

బిడ్డ లేదు. ఎప్పుడూ లేదు. అది నా తలలో మొదలై మీ తలలో పెరిగింది. ఆ బిడ్డను మోసింది మనమిద్దరమే. మీ అన్నయ్యగారు మూడు రోజులుగా సానరాయి తిప్పడం లేదు. పేరు కూడా అనుకున్నారట, నాకు చెప్పకుండా.

మొక్క గురించి అడిగే ధైర్యం లేదు. అయినా అడుగుతున్నాను. ఏం చేస్తారు?

మీ వదిన


నర్సరీ,
20 సెప్టెంబరు 1987

వదినగారూ,

పైన ఏమని రాయాలో తెలియక కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వాళ్లిద్దరూ ఆలూమగలు కాకుండా పోతే మనమిద్దరం ఏమవుతాం? ఆలోచించినకొద్దీ తల తిరిగింది. అలవాటైన మాటే రాసేశాను.

అమ్మాయి దొరికింది. రెండో ల్యాబులోనే. తెల్లకోటు వేసుకుని ఎవరి చేతికో పట్టీ బిగిస్తూ తలెత్తి నన్ను చూసింది. పట్టీ వదల్లేదు. ఆ మనిషి రక్తం తీసి, దూది పెట్టి, మడవమని చెప్పి, అప్పుడు నా దగ్గరికి వచ్చింది. ల్యాబు పైన ఒక గది, బయటినుంచి ఇనుప మెట్లు. ఒక మంచం, ఒక స్టూలు, స్పిరిటు వాసన. కిటికీలో ఆ కుండీ. ఆకు చూడగానే తెలిసింది, మా అల్లుళ్ల వరసలోదే.

నేను ఏడుస్తానని ఆమె, ఆమె ఏడుస్తుందని నేను కాసేపు కాచుకున్నాం. తరవాత మీరు మీ అబ్బాయిని అడిగినవన్నీ నేనూ అడిగాను. అవే జవాబులు. చివరికి ఇలా అంది: “ఆయన మంచివాడమ్మా. నన్నూ మంచిదాన్నే అంటాడు. ఆ ఇంట్లో ఒకరికొకరు మంచిగా ఉండీ ఉండీ అలిసిపోయాం. ఒక్కరోజైనా పోట్లాడుకుని ఉంటే బాగుండేది.” ఇది నాకు అర్థమైందని చెప్పను. మీకు అర్థమైతే రాయండి.

కుండీ సంగతి అడిగాను. మొదట అది పోతు మొక్క అని తెలియక పట్టుకెళ్లిందట. పూత వచ్చాక చూసి తెలుసుకుంది. నలభై రెండు మీ మెట్ల పక్కకు వచ్చినప్పుడు నేను దేనికి పంపానో కూడా ఆమెకు తెలుసు.

“మరి ఎందుకు చెప్పలేదే?” అన్నాను.

“చెబితే కుండీ తీసెయ్యమంటావు. తీసేస్తే అది కాయదు. కాయకపోతే నీ మొహం నేను చూడలేను.”

“ఇప్పుడు చూడు” అన్నాను. గట్టిగానే అన్నాను. ఇన్నేళ్లలో ఆమెను అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు. తిరిగి అదీ అరిచింది. అన్నీ నీకోసమేనమ్మా, అందరికోసమే, ఇంక నావల్ల కాదు అంది. ఇద్దరం అరుచుకున్నాం, కిందనుంచి ఎవరో పైకి వచ్చి చూసి వెళ్లారు. తరవాత ఆమె మంచం మీద నా పక్కన పడుకుంది. చిత్రం, ఇద్దరికీ ఒళ్లు తెలియని నిద్ర పట్టింది.

తిరిగి వచ్చి యజమానికి చెప్పాను. మీ పోయినేటి ఉత్తరం ఆయన సొరుగులో ఉంది. కాసిందని రాసి ఉంది గదా, అది అబద్ధం కాదు గదా అన్నాడు. అబద్ధం కాదు, కాని నిజమూ కాదు, ఒక్క మొక్క కొనుక్కున్న ఇంట్లో వట్టి కొమ్మలు నిలబడితే వాళ్లు నా మొహం మీదే అడుగుతారు అన్నాను. ఆయన అరవలేదు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు బోర్డు దింపించాడు. ఇప్పుడు నలభై రెండునూ పోతు మొక్కనూ కలిపి జంటగానే అమ్ముతున్నాం. ఒక్క కుండీకి చోటున్నవాళ్లు చూసి, ముచ్చటపడి, వెళ్లిపోతున్నారు. పోయిన వారం నేను మళ్లీ గింజలు నాటాను. ఒంటరిగా కాసేది ఎక్కడో ఉండి ఉంటుంది. నా హయాంలో దొరుకుతుందో లేదో చెప్పలేను.

శాలువా ఉతికించి అమ్మాయికి ఇచ్చాను. అత్తయ్య ఇచ్చిందని చెప్పాను. ఎందుకిచ్చిందో చెప్పలేదు. చెప్పాలా?

మీ వదిన


కళ్లద్దాల కొట్టు,
15 నవంబరు 1987

వదినగారికి,

చెప్పవద్దు. శాలువా చలికి ఇచ్చానని చెప్పండి. చలి నిజమే గదా.

మంచిగా ఉండీ ఉండీ అలిసిపోయారన్న మాట నాకూ అర్థం కాలేదు. మీ అన్నయ్యగారిని అడిగితే, మనకు ఆ ప్రమాదం లేదులే అన్నారు.

నిన్న మధ్యాహ్నం కొట్టులో ఎవరూ లేరు. తలుపు తోసుకుని మీ అమ్మాయి వచ్చింది. ఇంట్లో ఉండిపోయిన పుస్తకాలు తీసుకెళ్లడానికి ఊళ్లోకి వచ్చిందట. నా చేతిలో అద్దాలు తుడిచే గుడ్డ ఉంది. దాన్నే తిప్పుతున్నాను. అడగాలనుకున్నవి, అనాలనుకున్నవి నెలల తరబడి వరసగా పెట్టుకున్నాను, ఒక్కటీ నోటికి రాలేదు. తనే, మైక్రోస్కోపులో చూసి చూసి తలనొప్పి వస్తోంది, అక్కడ చూపించుకున్నా కుదరలేదు అత్తయ్యా అంది. అంతే, నాకు ప్రాణం లేచి వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టాను. దీపం ఆర్పి అక్షరాల పలక వెలిగించాను. ఫ్రేము ముక్కు మీద పెట్టి ఒక్కో అద్దం మారుస్తూ అడుగుతూ పోయాను.

“ఇది బాగుందా, అది బాగుందా?”

“రెండూ ఒకేలా ఉన్నాయి.”

“సరిగ్గా చూసి చెప్పు. నా మనసు కష్టపడుతుందని చెప్పకు.”

ఆ మాట నా నోట ఎలా వచ్చిందో తెలియదు. ఆ పిల్ల పలక వైపు మళ్లీ చూసింది. తరవాత, మొదటిది మసకగా ఉంది అత్తయ్యా, రెండోది ఇంకా మసక అంది. అప్పుడు మొదటినుంచి మళ్లీ చేశాను. గంటకు పైగా పట్టింది. ఇలాంటి కన్ను నేను చూడలేదు వదినగారూ. ప్రతిదానికీ సరేననే కన్ను. పట్టుకునేసరికి నాకు చెమటలు పోశాయి. చివరి అద్దం వేశాక కింది వరస గడగడా చదివింది. దీపం వేసేసరికి కళ్లు తుడుచుకుంటోంది. నీళ్లు కారితే పవరు తప్పు వస్తుందని కోప్పడ్డాను.

మీ అన్నయ్యగారు లోపలినుంచి వచ్చి, ఎప్పుడొచ్చావమ్మా అని, చీటీ తీసుకుని, సానరాయి దగ్గరికి వెళ్లారు. ఆ చప్పుడు విని చాలా రోజులైంది.

సాయంత్రం అబ్బాయి వచ్చాడు, దాచకుండా చెప్పాను. వెళ్లబోతూ, ఆ అద్దాలు నేను పట్టుకెళ్లి ఇస్తానులే అమ్మా అన్నాడు. ఎందుకురా, పోస్టులో పంపొచ్చుగా, నీకది అలవాటే గదా అన్నాను. పగిలిపోతాయమ్మా అన్నాడు. దీనికి అర్థమేమిటో మీరు రాయండి, నేను ఆలోచించడం మానేశాను. అర్థాలు తీసే విద్యలో మనిద్దరికీ ఉన్న ప్రతిభ చూశాం గదా.

అద్దాలు శుక్రవారానికి తయారవుతాయి. ఆ పిల్ల తనే వచ్చి తీసుకుంటానంది. వీడు తీసుకెళతానంటున్నాడు. ఇద్దరూ వస్తే ఎవరికివ్వాలో, ఎవరూ రాకపోతే ఏం చెయ్యాలో తెలియదు. మీరు గురువారం రాత్రి బస్సెక్కితే పొద్దున కొట్టు తెరిచే వేళకు ఇక్కడుంటారు. మీరొస్తే మీ చేతికే ఇస్తాను.

మీ వదిన